గండిపేట దారిలో రెండు సైకిళ్లు



హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో కాపురముండేవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఆదివారం వేకువనే, మొదటి పూజకు ఇంకా గంట మోగకముందే, కొన్ని సైకిళ్లు గండిపేట దారి పడతాయి. తలపై హెల్మెట్, చేతులకు తొడుగులు, సీటు కింద మినుకుమనే ఎర్రదీపం, చట్రానికి బిగించిన నీళ్లసీసా. వారంలో ఐదు రోజులూ కంప్యూటరు ముందు కూర్చునే యువకుడో, యువతో ఒంటరిగా బయలుదేరి, చెరువుల వెంట ఎనభై కిలోమీటర్లో, వందో తొక్కి, పొద్దెక్కాక ఇల్లు చేరతారు. అమ్మ గుమ్మంలోనే నిలబడి, “ఎందుకీ తిప్పలు? ఇంట్లో కారు లేదా, బండి లేదా?” అంటుంది.

అదే వేళకు, అదే రోడ్డు మీద, ఇంకొక సైకిలు ఎదురొస్తుంది. దానికి దీపం ఉండదు. హ్యాండిలుకు టిఫిను డబ్బా ఉన్న సంచి వేలాడుతుంటుంది. తొక్కేవాడు రాత్రంతా ఏదో అద్దాల మేడ గేటు దగ్గర కాపలా కాసి, పొద్దున్నే తన గదికి తిరిగి వెళుతున్నాడు. “ఎందుకీ తిప్పలు?” అని అతణ్ణి అడిగేవారు లేరు. ఎందుకో అందరికీ తెలుసు.

రోడ్డు ఒక్కటే. ఎత్తు ఒక్కటే. ఎదురుగాలి ఒక్కటే. పక్కనుంచి దూసుకుపోయే లారీ ఇద్దరినీ ఒకేలా వణికిస్తుంది. అయినా మొదటివారు చేసినదాన్ని మనం సాహసం అంటాం, రెండోవాడు చేసినదానికి పేరే పెట్టం. మనిషి కావాలని నెత్తికెత్తుకున్న కష్టానికీ, గత్యంతరం లేక మోసే కష్టానికీ ఉన్న తేడా ఏమిటి? ఈ వారం మీతో కలిసి ఆలోచించదలచిన ప్రశ్న ఇదే. ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది కాని, దీనికి మనమిచ్చే జవాబును బట్టి మన ఇంటి ముందు నిలబడే కాపలాదారునితో మనం మెలిగే తీరు మారుతుంది.

ముందుగా ఆ ప్రయాణం ఎలాంటిదో చూద్దాం. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ దగ్గర బయలుదేరామనుకోండి. గచ్చిబౌలి, నార్సింగి దాటి పడమరగా వెళితే గండిపేట, అనగా ఉస్మాన్‌సాగర్ వస్తుంది. దాని చుట్టుపక్కల ఖానాపూర్, జన్వాడ, చిలుకూరు వంటి ఊళ్లున్నాయి. చిలుకూరు నుంచి అజీజ్‌నగర్ మీదుగా వస్తే రెండో జలాశయం హిమాయత్‌సాగర్ పలకరిస్తుంది. నీరు ఒకచోట కనబడుతుంది, ఒకచోట ప్రహరీ గోడల వెనుక దాక్కుంటుంది. ఈ రెండు చెరువుల నడుమ ఒంటరిగా సైకిలు తొక్కేవారికి నగరపు రొద మెల్లమెల్లగా వెనుకబడిపోయి, చివరికి గొలుసు చప్పుడు, తన ఊపిరి చప్పుడు మాత్రమే మిగులుతాయి.

ఇలాంటి ప్రయాణాలు మన ఊరికే పరిమితం కాదు. జపాను దేశంలో అన్నిటికంటే పెద్ద సరస్సు బివా. దాని చుట్టూ సైకిలు మీద ఒక ప్రదక్షిణ చేయడాన్ని అక్కడివారు ‘బివాఇచి’ అంటారు. సుమారు 200 కిలోమీటర్ల దారి అది. దూరపు సైకిలు ప్రయాణాలకు ప్రపంచమంతటా ‘బ్రెవే’లనే పద్ధతి కూడా ఉంది. హైదరాబాదులోనూ జరుగుతాయి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 300 కిలోమీటర్లను ఇరవై గంటల్లో, 600 కిలోమీటర్లను నలభై గంటల్లో ముగించాలి. దారి పొడుగునా వెంట సహాయ వాహనం రాకూడదు. టైరు పంచరైతే తానే వేసుకోవాలి, దాహమైతే తానే నీళ్లు వెతుక్కోవాలి. మొదటి స్థానం, రెండో స్థానం అంటూ ఏమీ ఉండవు. గడువులో ముగించడమే గెలుపు.

మరి దీనిపై లోకం ఏమంటుంది? ఒక వర్గంవారు, “తిన్నది అరక్క చేసే పని ఇది. బీదవాడు విధిలేక చేసేదాన్ని వీళ్లు వేడుకగా చేస్తున్నారు” అని తీసిపారేస్తారు. ఇంకొక వర్గంవారు అందుకు భిన్నంగా, “బలవంతాన చేసేది ఎవడైనా చేస్తాడు. బలవంతం లేకుండా చేసేవాడిదే గొప్ప” అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కాని రెండూ చూడని విషయం ఒకటుంది. దాన్ని చూడాలంటే 2020వ సంవత్సరానికి వెళ్లాలి.

ఆ ఏడాది మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌను. పనులు ఆగిపోయాయి, రైళ్లూ బస్సులూ ఆగిపోయాయి. మన ప్రాంతంలో మేడలు కట్టే కూలీల్లో అధికభాగం ఒడిశా, ఝార్ఖండ్, బీహారు, ఉత్తరప్రదేశ్ వంటి చోట్లనుంచి వచ్చినవారు. పని లేదు, చేతిలో డబ్బు లేదు. మేడ్చల్ మీదుగా నాగపూర్ రహదారి పట్టి, నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో వందలాది మైళ్లు నడవడానికి సిద్ధపడినవారిని మనం చూశాం. దేశంలో వలస కూలీలకోసం నడిపిన మొట్టమొదటి ప్రత్యేక రైలు 2020 మే 1 తెల్లవారుజామున బయలుదేరింది ఎక్కడినుంచో గుర్తుందా? మన హైటెక్ సిటీ స్టేషను ఉన్న మార్గంలోనే ఉన్న లింగంపల్లి నుంచి. సుమారు 1,200 మంది ఆ రైలులో ఝార్ఖండ్‌లోని హటియాకు వెళ్లారు.

అదే మే నెలలో ఉత్తరాదిన మరో సంఘటన జరిగింది. పదిహేనేళ్ల బాలిక ఒకతె, గాయపడి పని చేయలేని తండ్రిని పాత సైకిలు వెనుక కూర్చోబెట్టుకుని, ఢిల్లీ పక్కనున్న గురుగ్రామ్ నుంచి బీహారులోని దర్భంగా ప్రాంతానికి సుమారు 1,200 కిలోమీటర్లు తొక్కింది. అద్దె కట్టలేక, తిండికి లేక ఇల్లు చేరడానికి ఆ కుటుంబానికి దొరికిన దారి అది. వార్త పొక్కగానే దేశం చప్పట్లు కొట్టింది. విదేశాల నుంచి కూడా ప్రశంసలు వచ్చాయి. సైకిలు పోటీలు నడిపే జాతీయ సమాఖ్య ఆ పిల్లను తమ పరీక్షకు రమ్మని పిలిచింది.

ఇప్పుడు ఈ మాట కూడా వినండి. సైకిలు దూరప్రయాణాల్లో అన్నిటికంటే పేరుపొందినది ఫ్రాన్సు దేశంలోని పారిస్–బ్రెస్ట్–పారిస్. 1891లో పోటీగా మొదలైంది. ఇప్పుడు నాలుగేళ్లకొకసారి జరుగుతుంది. మన దేశం నుంచి కూడా ఎందరో వెళతారు. అందులో తొక్కవలసిన దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. గడువు 90 గంటలు. అంటే దర్భంగా పిల్ల తొక్కిన దూరమూ, లోకంలోని మహా సైకిలు యాత్రికులు ఏళ్ల తరబడి సాధన చేసి తొక్కే దూరమూ ఇంచుమించు ఒక్కటే!

దూరం ఒక్కటైనప్పుడు రెండూ ఒక్కటే కదా అని మీరెవరైనా అనగలరా? మనసు ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదు? నొప్పిలో తేడా ఉందనా? మోకాలికి ఆ తేడా తెలియదు. ధైర్యంలో తేడా ఉందనా? ఆ పిల్ల ధైర్యం ఎవరికీ తీసిపోదు. తేడా ఒక్కచోటే ఉంది. పారిస్ వెళ్లినవాడు మధ్యలో ఆగిపోవచ్చు. సైకిలు పక్కన పెట్టి, రైలెక్కి, వేడినీళ్ల స్నానం చేసి పడుకోవచ్చు. అతని కష్టానికి ఒక తలుపు ఉంది. అతను ఆ తలుపు తీయకుండా ముందుకు సాగాడు, అది అతని గొప్పతనం. ఆ పిల్ల కష్టానికి తలుపే లేదు. ఆగితే ఆకలి, వెనక్కి తిరిగితే ఇంటి యజమాని.

కనుక ఎంచుకున్న కష్టం మనిషి మనోబలాన్ని పరీక్షిస్తుంది. తప్పని కష్టం చుట్టూ ఉన్న సమాజాన్ని పరీక్షిస్తుంది. మొదటి పరీక్షలో నెగ్గినవారికి చప్పట్లు కొట్టవచ్చు. రెండో పరీక్షలో పాసవవలసినది మనం. ఆ పిల్ల 1,200 కిలోమీటర్లు తొక్కవలసి వచ్చిందంటే ఆ పరీక్షలో మనం తప్పినట్టే. తప్పినవాడు చప్పట్లు కొట్టడం చూశారా? ఆ చప్పట్లు ఒక పని చేస్తాయి. “ఎంత ఓర్పు, ఎంత ధైర్యం!” అంటూ ఆ పిల్లను పొగుడుతున్నంతసేపు, “రైలు ఎందుకు లేదు? అద్దె ఎందుకు మాఫీ కాలేదు?” అనే ప్రశ్న మన నోటికి రాకుండా ఆపుతాయి. బీదవాని ఓర్పును పొగడడం ఖర్చులేని దానం.

మనం ఇందాక చూసిన గండిపేట చెరువు దీనికి వేరొక మార్గం చూపుతుంది. ఆ నీళ్లు అక్కడికి ఎందుకు వచ్చాయో మీ పిల్లలకు తెలుసా? 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తింది. సుమారు 15,000 మంది చనిపోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. గంటల తరబడి, కింద వరద ఉరకలెత్తుతుండగా, కొమ్మలు పట్టుకుని వేలాడారు. ఆ 150 మంది ఓర్పు సామాన్యమైనదా? వారి పట్టుదలపై పాటలు కట్టి, సన్మానాలు చేసి, నగరం ఊరుకోవచ్చు.

కాని ఊరుకోలేదు. మరుసటి ఏడాది, 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. ఎగువన నదిని ఆపి, వరదనీటిని నిల్వచేసే జలాశయాలు కట్టమని ఆయన సూచించారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. అవే చెరువులు వరదను ఆపడమే గాక తరతరాలుగా నగరానికి మంచినీళ్లిచ్చాయి. చెట్టు పట్టుకుని వేలాడినవారికి ఇవ్వవలసిన అసలైన గౌరవం అది. ఇంకెవరూ అలా వేలాడవలసిన అవసరం రాకుండా కట్ట కట్టడం. ఆదివారం ఉదయం చల్లగాలికి మనవాళ్లు సైకిలు తొక్కే ఆ గట్టు, ఒకనాటి తలుపులేని కష్టానికి ఒక నగరం ఇచ్చిన జవాబు.

ఇంతవరకు చదివి, “అయితే ఎంచుకున్న కష్టానికి విలువ లేదంటారా? మా అబ్బాయి సైకిలు తొక్కడం తప్పా?” అని కొందరు తల్లిదండ్రులు అడగవచ్చు. అలా అనడం లేదు. ఈ విషయంలో క్రైస్తవ కుటుంబాలకు ఒక అనుభవం ముందే ఉంది. ప్రతి ఏటా తపస్కాలంలో మనం ఉపవాసముంటాం. ఆ ఆకలి మనం ఎంచుకున్నది, దానికి తలుపు ఉంది. సాయంత్రానికి అన్నం ఉంటుందని తెలిసి పస్తుండడం వేరు, ఉంటుందో ఉండదో తెలియక పస్తుండడం వేరు. అయినా ఉపవాసం ఆకలిగొన్నవారిని వెక్కిరించడమని ఎవరూ అనరు. ఎందుకని? విభూది బుధవారపు సువిశేష పఠనంలో దానం, ప్రార్థన, ఉపవాసం మూడూ ఒకే వరుసలో వస్తాయి. మిగిల్చిన పూట కూడు మరొకరి కంచంలోకి చేరాలన్నది మన పెద్దలు నేర్పిన పద్ధతి. అలా చేరినప్పుడు అది ఉపవాసం. చేరకపోతే అది ఒంటికి మంచిదే, కాని దాన్ని పథ్యం అంటారు.

సైకిలు కూడా అంతే. కేవలం ఆరోగ్యంకోసం తొక్కితే తప్పేమీ లేదు, ఒళ్లు తేలికవుతుంది, మనసు తేటపడుతుంది. దాన్ని వ్యాయామం అనుకుంటే చాలు. అంతకుమించిన విలువ దానికి రావాలంటే, ఆ కష్టం మన కళ్లు తెరవాలి. కారులో అద్దాలు బిగించుకుని వెళ్లేవారికి కనబడని ఎన్నో విషయాలు సైకిలు మీద వెళ్లేవారికి ఒంటికి తెలుస్తాయి. రోడ్డు అంచు ఎక్కడ విరిగిందో, వీధిదీపం ఎక్కడ వెలగదో, లారీ ఎంత దగ్గరగా వస్తుందో, మే నెల తొమ్మిది గంటల ఎండ ఎంత మండుతుందో. ఎదురుగా వచ్చే కాపలాదారుడు ఇదంతా రోజూ భరిస్తున్నాడు. అతని కష్టాన్ని మాటల్లో విన్నవారికంటే, నెలకొకసారైనా ఒంటితో తెలుసుకున్నవారు బాగా అర్థం చేసుకోగలరు. చెరువుగట్టు ప్రయాణం నేర్పగలిగిన పాఠాల్లో అన్నిటికంటే విలువైనది ఇదే.

ఒంటరిగా వెళ్లడంలో ఉన్న మేలు కూడా ఇక్కడే ఉంది. పదిమందితో కలిసి వెళితే మాటలతో దారి గడిచిపోతుంది. ఒంటరిగా వెళ్లినవారికి, “నేనెందుకు తొక్కుతున్నాను? ఎవరు చూడాలని?” అనే ప్రశ్న ఎక్కడో ఒకచోట తప్పక ఎదురవుతుంది. నేటికాలంలో ఆ ఒంటరితనం కూడా పూర్తిగా దొరకడం లేదు. ఎన్ని కిలోమీటర్లు తొక్కామో, ఎంత వేగంతో తొక్కామో చేతిలోని ఫోను లెక్కగట్టి, ఇల్లు చేరకముందే స్నేహితులందరికీ చూపెడుతుంది. విభూది బుధవారపు పఠనంలో ఉపవాసాన్ని గురించిన హెచ్చరిక కూడా నలుగురి మెప్పుకోసం చేయవద్దన్నదే. నెలకొక్క ఆదివారమైనా ఆ లెక్క ఆపేసి తొక్కి చూడమని మీ పిల్లలతో చెప్పండి. ఎవరికీ తెలియని 60 కిలోమీటర్లు మనిషిలో ఏం మిగులుస్తాయో వారికే తెలుస్తుంది.

ఇక్కడ మరో అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. “కంప్యూటరు ఉద్యోగికి మాత్రం తప్పని కష్టం లేదా? రాత్రి డ్యూటీలు, ఇంటి అప్పు వాయిదాలు, ఎప్పుడు తీసేస్తారో తెలియని ఉద్యోగం. అతనూ బందీయే కదా?” నిజమే. అందుకే అతను ఆదివారం సైకిలెక్కుతాడు. వారమంతా ఇతరులు నిర్ణయించిన కష్టం పడినవాడు, ఒక్కపూట తాను నిర్ణయించుకున్న కష్టం పడి, తన బతుకు తన చేతుల్లోనే ఉందని తనకు తాను గుర్తుచేసుకుంటాడు. ఈ కోరిక చిన్నది కాదు. మనిషి కేవలం సుఖం కోరడు, తాను మెచ్చిన కష్టాన్ని కూడా కోరతాడు. పర్వతాలెక్కేది, చెరువులు చుట్టివచ్చేది, నలభై రోజులు పస్తుండేది ఇందుకే.

అయితే ఆ కోరిక కాపలాదారునికి మాత్రం ఉండదా? అతనికీ ఒక ఆదివారం ఉంటే, పిల్లవాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని, ఏ పనీ లేకుండా, గండిపేట గట్టుదాకా సైకిలు తొక్కాలని ఉండదా? పన్నెండేసి గంటల డ్యూటీ, వారపు సెలవు లేని నెలలు ఉన్నవానికి ఆ అవకాశమేది? అతనిలోంచి పోయినది సుఖమొక్కటే కాదు, తన కష్టాన్ని తాను ఎంచుకునే హక్కు కూడా పోయింది. పారిస్–బ్రెస్ట్–పారిస్ మొదలైన 1891లోనే పదమూడవ లియో పాపుగారు కార్మికుల స్థితిగతులపై ‘రేరుం నొవారుం’ అనే విశ్వలేఖ రాశారు. ఆదివారపు విశ్రాంతి కార్మికునికి దక్కవలసినదని అందులో గట్టిగా చెప్పారు. కష్టమే లేని లోకాన్ని మనం తేలేం. కాని ప్రతి మనిషికీ తన బతుకులో కొంతభాగమైనా తానే ఎంచుకునే వీలుండాలని అడగవచ్చు. న్యాయమంటే అదే.

ఈ సందర్భంలో మన పెద్దలు, ప్రసంగీకులు కూడా ఒక విషయంలో జాగ్రత్తపడాలి. అస్సీసిపుర పునీత ఫ్రాన్సిస్ బట్టల వ్యాపారి కుమారుడు. 1206లో బిషప్పుగారి ఎదుట తండ్రి ఆస్తినంతా, ఒంటిమీది బట్టలతో సహా, వదులుకుని పేదరికాన్ని వరించాడు. ఆ త్యాగం గొప్పది, ఎందుకంటే ఆయనకు వేరే దారి ఉంది. అదే అస్సీసి వీధుల్లోని బిచ్చగాళ్లు, కుష్ఠరోగులు పేదరికాన్ని వరించలేదు. అది వారిపై పడింది. ఫ్రాన్సిస్ వారి దగ్గరకు వెళ్లి వారి పుండ్లు కడిగాడు. ఫ్రాన్సిస్ పేరు చెప్పి బస్తీవాసులకు, “పేదరికం ధన్యత, ఓర్చుకోండి” అని బోధించడం ఆయన జీవితాన్ని తలకిందులు చేయడమే. ఎంచుకున్నవాని పుణ్యాన్ని, ఎంచుకోలేనివానికి సలహాగా ఇవ్వకూడదు.

“మీరు చెప్పేది బాగుంది గాని, ఆ కాపలాదారుడు మన జాలి కోరాడా?” అని మీరడగవచ్చు. కోరలేదు. జాలి అతనికి అక్కరలేదు. చాలామంది తమ పాత సైకిలును ఎంతో ముచ్చటగా తుడుచుకుంటారు, ఎత్తు రోడ్డును ఎవరికీ తీసిపోకుండా ఎక్కుతారు. అతనికి కావలసినది రోడ్డు.

మన ప్రాంతంలో సైకిలుకు మంచి రోడ్డు వేశారు కూడా. ఔటర్ రింగు రోడ్డు పక్కన, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వరకు మరో పాయ, మొత్తం 23 కిలోమీటర్ల సైకిలు దారిని 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సౌరఫలకాల కప్పు. నీడకు నీడ, కరెంటుకు కరెంటు. చూడముచ్చటైన పని, కట్టినవారిని అభినందించాలి. కాని అక్కడికి సైకిలును కారుపై కట్టుకుని వచ్చేవారున్నారు. బస్తీలో గది, మాదాపూర్‌లో డ్యూటీ ఉన్నవాని రోజువారీ దారి ఆ కప్పు కింద నుంచి పోదు. ఎంచుకున్నవానికి నీడ దొరికింది. తప్పనివానికి ఇంకా ఎండే. ఒక నగరంలో సైకిలు దారి ఎంత బాగుందో తెలుసుకోవాలంటే, వేరే వాహనం లేనివాడు దానిమీద పనికి వెళ్లగలుగుతున్నాడా అని చూడాలి.

ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వం చేస్తుంది, చేయకపోతే అడుగుదాం. మన చేతుల్లో ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి. మీ అపార్టుమెంటు సంఘంలో మీరు సభ్యులైతే, కాపలాదారుకు వారానికొక సెలవు ఉందో లేదో ఒక్కసారి కనుక్కోండి. లేకపోతే మీ వంతు నెలసరి రుసుములో కొద్ది రూపాయలు పెరిగినా సరే, మార్పిడి మనిషిని పెట్టించండి. రాత్రిపూట తొక్కేవారి సైకిళ్లకు వెనుక మెరిసే ఎర్రబిళ్ల, ఒక చిన్న దీపం కొనిపెట్టడానికి పెద్ద ఖర్చు కాదు, అది ప్రాణం కాపాడుతుంది. ఇక మన చర్చి ఆవరణల సంగతి. కార్లు ఎక్కడ నిలపాలో తెల్లగీతలు గీసి మరీ చూపిస్తున్నాం. సైకిలు మీద పూజకు వచ్చేవాడు దాన్ని ఎక్కడ పెట్టాలి? గోడకు ఆనించి, పూజ జరుగుతున్నంతసేపూ ఎవరైనా పట్టుకుపోతారేమోనని వెనక్కి తిరిగి చూస్తూ కూర్చోవాలా? ఒక సైకిలు స్టాండు వేయించడం విచారణ సంఘానికి భారమా?

తల్లిదండ్రులకు చివరగా ఒక మాట. మీ అబ్బాయో, అమ్మాయో చెరువుల వెంట ఒంటరిగా సైకిలు మీద వెళతానంటే అడ్డుచెప్పకండి. ముఖ్యంగా అమ్మాయి అడిగితే, ఆడపిల్లవని ఆపకండి. హెల్మెట్ పెట్టుకోమనండి, దీపం వెలుగుతుందో లేదో చూడండి, ఏ దారిన వెళుతున్నదీ, ఎన్నింటికి వస్తున్నదీ ఇంట్లో చెప్పి వెళ్లమనండి. ఎంచుకున్న కష్టం పడే వయసు అది, ఆ వీలు అందరికీ దొరకదు. తిరిగివచ్చాక మాత్రం, “ఎన్ని కిలోమీటర్లు తొక్కావు?” అని అడిగి ఊరుకోకండి. అన్నం వడ్డిస్తూ, “దారిలో ఎవరు కనబడ్డారు?” అని కూడా అడగండి. మొదటి వారం, “ఎవరూ లేరు” అంటారు. రెండో వారం కాస్త ఆలోచిస్తారు. నాలుగైదు వారాలు పోయాక, దీపం లేని సైకిలు మీద ఎదురొచ్చిన అన్న పేరేమిటో, ఏ ఊరినుంచి వచ్చాడో, ఆదివారం అతనికి సెలవు ఎందుకు లేదో వారే మీకు చెబుతారు.